డ్రైవరు పడకకు కిటికీ

దమ్మామ్
అక్టోబరు 18, శుక్రవారం

తమ్ముడు ఇస్సాకుకు మదార్బీ అక్క సలాములు.

ముందు కూర్చో. కూర్చున్నావా? ఇప్పుడు చదువు. మా ఫాతిమా మేడం ఈ ఇల్లు ఖాళీ చేసి బండిలో కాపురం పెడుతోంది!

నాకు మతి పోలేదు. మేడం మొగుడు, అల్లా ఆయనకు స్వర్గం ఇచ్చుగాక, పాతికేళ్ల కిందట ఒక అమెరికా బండి కొన్నాడట. లోపలే మంచం, పొయ్యి, నీళ్లగది అన్నీ ఉంటాయట. ఇక్కడ దాన్ని కారవాన్ అంటారు. అది మీ యాన్బులోనే ఒక గోదాము వెనక దుమ్ము కొట్టుకుని పడి ఉంది. ముప్పై ఏళ్లు పిల్లకాయలకు భూగోళం చెప్పిన మనిషి కదా, "మ్యాపులో వేలు పెట్టి చూపించిన ఊళ్లన్నీ ఇప్పుడు కాళ్లు పెట్టి చూస్తా" అంటోంది. వారం పది రోజుల షికారు కాదబ్బీ, ఏడాది పొడుగునా అందులోనే ఉంటుందట. "నువ్వు కూడా నాతోనే మదార్బీ" అంది. మా తమ్ముడు యాన్బులో బండ్ల బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ అని చెప్పేశాను. పని మీకే వస్తుంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అనకు. ఫోన్లో నేను పది మాటలు చెబితే నువ్వు పదిసార్లు ఊ కొడతావు, తెల్లారితే ఒక్కటీ గుర్తుండదు. హబీబ్ నడిపే ట్రెయిలరు లారీ రెండు వారాలకోసారి ఇక్కడినుంచి మీ ఊరు వస్తుంది, ఉత్తరాలు అతనే తెచ్చిస్తాడు. బండి సంగతులన్నీ కాగితం మీదే. నా కాగితాలు షెడ్డు గోడకు అంటించుకుని పని చెయ్యి.

నాకోసం ఒక్కటే అడుగుతా. పద్నాలుగేళ్లుగా నేను పడుకునే గది నువ్వు చూడలేదు. వంటింటి పక్కన బియ్యం బస్తాలు పెట్టే గది. కిటికీ లేదు. తెల్లారిందో లేదో అలారం చెప్పాల్సిందే. మేడం మంచిది, ఆ ఇల్లు కట్టినోడే చెడ్డోడు. ఆ బండిలో నాకో పడక వస్తుంది కదా, తల దగ్గర కిటికీ పెట్టు అబ్బీ. జానెడైనా చాలు. కళ్లు తెరిస్తే వెలుతురు కనపడాల, అంతే.

మీ అక్క
మదార్బీ


యాన్బు
నవంబరు 1

అక్కకు ఇస్సాకు సలాములు.

బండి మా షెడ్డుకు వచ్చింది! తాడు కట్టి లాక్కొచ్చాం. తలుపు తియ్యగానే నాలుగు పావురాలు మా మొహాల మీదుగా ఎగిరిపోయాయి. ఎలక్ట్రీషియన్ ముస్తాక్ "బిస్మిల్లా" అని లోపల అడుగు పెట్టాడు, నేల చెక్క పుటుక్కున విరిగి తొడదాకా దిగబడిపోయాడు. బయటినుంచి చూస్తే బండికి ఐదో చక్రంలా అతని కాలు వేలాడుతోంది. నవ్వలేక చచ్చాను.

కానీ అక్కా, ఇనుము గట్టిది. ఇంజను దుమ్ము దులిపి, బ్యాటరీ మార్చి తాళం తిప్పితే మూడోసారికే గురగురమంది. షెడ్డంతా చప్పట్లు. మిగతాదంతా మార్చాలి. పైకప్పు కారి గోడల్లో చెక్క పుచ్చిపోయింది. కరెంటు తీగలన్నీ అమెరికావి, నూట పది వోల్టులవి. ఇప్పుడు ఇక్కడేమో రెండొందల ఇరవై. ముస్తాక్ మొత్తం పీకేసి కొత్తగా లాగుతున్నాడు. నాలుగు రోజుల షికారుకు కట్టిన బండి ఇది. ఏడాదంతా ఉండాలంటే నీళ్ల ట్యాంకు రెండింతలు కావాలి, పైన సోలారు పలకలు కావాలి, మన ఎండకు గోడల్లో ఫోము నింపాలి. ఇరవై ఏళ్లుగా వాటర్ ట్యాంకర్లకు, చెత్తబండ్లకు బాడీలు కట్టాను. ఇల్లు కట్టడం ఇదే మొదటిసారి. రోజూ అందరికంటే ముందు షెడ్డుకు పోతున్నానంటే నమ్ముతావా?

నీ పడక చోటు చూశాను. వెనక మేడం మంచం వస్తుంది. దానికి కొంచెం ముందు, కుడిపక్కన. అక్కడ కిటికీ ఉంది అక్కా! అద్దం పగిలింది గానీ చట్రం బాగుంది. కొత్త అద్దం వేసి, బయటికి ఎత్తి తెరిచేలా చేస్తాను. జానెడు కాదు, రెండు మూరలు.

ఒక్క షరతు. నువ్వు స్టీరింగు దగ్గరికి పోకూడదు. నాయన లూనా మోపెడు తీసుకుని పోయి దుకాణంలో ఏకి పెట్టిన దూదిగుట్టలోకి దూరిపోయినదానివి. వీధి వీధంతా తెల్లగా అయిపోయింది. నిన్ను బయటికి లాగితే ముసలమ్మలా జుట్టు తెల్లబడి ఉంది. నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

నీ తమ్ముడు
ఇస్సాక్


దమ్మామ్
నవంబరు 15

ఒరేయ్ ఇస్సాకూ,

దూదేకులోళ్ల ఇంట్లో పుట్టి గోడల్లో ఫోము కూరుతావా! నాయన వింటే ఏమనేవాడో! సరేలే, తడి పడితే దూది ముద్దకడుతుందని నాకూ తెలుసు. గోడలు నీ ఇష్టం. పరుపులు మాత్రం దూదివే, అవి నేనే కుడతాను. ఇక్కడ చుట్టాలొస్తే మజ్లిస్‌లో వేసే దిండ్లు కుట్టే కొట్టు బాబ్జాన్‌ది. మనవైపు మనిషే, మదనపల్లె. దూది వాడే తెప్పిస్తానన్నాడు. గుడ్డ నేను ఎంచుకున్నాను, ముక్క ఇందులో పెడుతున్నా చూడు. నాయన దుకాణంలో ఉండే ఆకుపచ్చ చారల గుడ్డే, అచ్చం అదే! కొట్టులో నిలబడి ఏడ్చేశాను. బాబ్జాన్ కంగారుపడి టీ తెప్పించాడు.

ఇంకా రాసుకో. గ్రైండరుకు ప్లగ్గు కావాలి, మేడానికి శుక్రవారం ఉద్ది వడలు లేకపోతే తోచదు. గిన్నెల అరలకు ముందు అడ్డకడ్డీ పెట్టు, బండి మలుపు తిరిగితే గిన్నెలు నా నెత్తిన పడకూడదు. తడి బట్టలకు లోపలొక తాడు.

పడకల కొలతలు పంపు. టేపుతో కాదు, నాయన కొలకర్రతో కొలువు. పదేళ్ల వయసునుంచీ ఆయన పక్కన కూర్చుని పరుపులు కుట్టింది నేను. కర్రేమో కొడుకని నీకిచ్చారు. ఒక్క పరుపైనా కుట్టావా దానితో? ఆ కోపం నాకింకా పోలేదు, పోదు కూడా.

లూనా సంగతి మళ్లీ ఎత్తితే ఊరుకోను. అప్పుడు నాకు పదహారేళ్లు. బ్రేకు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్య ఆదివారం, మంగళవారం పొద్దున పూట ఫోన్ చెయ్యొద్దు, మేడంతో బయటి పనులున్నాయి. మోకాలికి కొంచెం దెబ్బ తగిలింది, పెద్దదేం కాదు.

మదార్బీ


యాన్బు
డిసెంబరు 6

అక్కకు,

ఉత్తరం, గుడ్డ ముక్క అందాయి. గ్రైండరు ప్లగ్గు పెట్టించాను. కడ్డీలు కూడా.

మేడం కొడుకు రియాద్ నుంచి డ్రాయింగు పంపాడు. ఇంజినీరు కదా, అన్నీ అంగుళాలతో సహా గీశాడు. దాని ప్రకారమే చెయ్యాలట. వెనక మేడం మంచం. కుడిపక్క పడక డ్రైవరుకట. పొడవు ఐదడుగుల నాలుగంగుళాలు. డ్రైవరు ఎవడో గానీ పొట్టివాడే. పరాయి మగాణ్ణి ఆ బండిలో పడుకోనివ్వరు, మేడం తమ్ముడి కొడుకో ఎవడో అయ్యుంటాడని ముస్తాక్ అంటున్నాడు.

మూడో పడక సంగతి తరవాత మాట్లాడదాం.

అక్కా, ఊరికే అడుగుతున్నా. నువ్వు ఇంటికి వెళ్లిపోతే ఏం చేస్తావు? మన ప్రొద్దుటూరులో ఒక చిన్న పరుపుల కొట్టు పెడితే ఎట్లుంటుంది? ఆలోచించి పెట్టుకో.

మేడం నీతో ఈ మధ్య ఎలా ఉంటోంది? నీ ఇఖామా కార్డు రెన్యూ చేయించే సంగతి ఏమైనా ఎత్తిందా?

రెండు పడకల కొలతలు వెనకవైపు రాశాను. నాయన కర్రతోనే కొలిచాను.

ఇస్సాక్


దమ్మామ్
డిసెంబరు 20

తమ్ముడికి,

ఇదేం ఉత్తరం? మున్సిపాలిటీ నోటీసులా ఉంది. ఒంట్లో బాగుందా? ఇంటికి పోతే ఏం చేస్తావంటావేంది? నేనేం పోతున్నానా?

మేడం బాగుంది. రోజూ గోడకు మ్యాపు వేలాడదీసి నాకు పాఠం చెబుతోంది. యాన్బు నుంచి సముద్రం పక్కనే పైకి పోతే ఉమ్‌లజ్, ఆ పైన అల్ వజ్, అక్కణ్ణుంచి కొండల్లోకి తిరిగితే తబూక్. తబూక్‌లో చలికాలం కొండల మీద మంచు పడుతుందట! సౌదీలో మంచు! నేను నవ్వితే బెత్తంతో బల్ల మీద కొట్టింది.

డ్రైవరు పడక అన్నావే, దాని కిటికీ మాత్రం మర్చిపోకు. పగలంతా బండి నడిపే మనిషికి పొద్దున లేవగానే వెలుతురు కనపడాల. ఆ పరుపు కూడా నేనే కుడుతున్నాను, ఆకుపచ్చ చారల గుడ్డతోనే. మేడానికి నీలం గుడ్డ. దూది రెండుసార్లు ఏకించాను. అంచు కుట్టు మూడు వరసలు వేశాను, నాయన పెళ్లి పరుపులకు వేసినట్టు.

ఆ డ్రైవరు ఎవరన్నది ఇంకా తేలలేదు. జనవరి నెలాఖరులోపల తేలాలని మేడం కొడుకు గడువు పెట్టాడు. తేలకపోతే బండి అమ్మేసి తల్లిని రియాద్ తీసుకుపోతాడట. అదే జరిగితే ఇక్కడ ఇల్లూ ఉండదు, నేనూ ఉండను. అందుకే దువా చెయ్యి. ఎందుకు, ఏమిటి అని అడగకు. డ్రైవరు కోసం దువా చెయ్యి, అంతే. బొగ్గుల్లో కాల్చిన చిలగడదుంప నోట్లో పెట్టుకున్నట్టుంది నాకు, మింగలేను, కక్కలేను.

మదార్బీ


యాన్బు
జనవరి 10

అక్కా,

నావల్ల కాదు, చెప్పేస్తున్నాను. తిట్టుకో.

మూడో పడక లేదు. ఆ డ్రాయింగులో మొదటినుంచీ లేదు. మేడం కొడుక్కి మెసేజి పెట్టాను, "వంటమనిషికి పడక ఎక్కడ వెయ్యమంటారు" అని. "బండిలో ఇద్దరే. మా అమ్మ, డ్రైవరు" అని జవాబు. అంతే. నీ పేరే లేదు. ఇల్లు ఖాళీ చెయ్యగానే నీకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపేస్తారు, నీకు చెప్పడానికి వాళ్లకు నోరు రావడం లేదు, నా లెక్క ఇదీ. పద్నాలుగేళ్లు వండి పెట్టించుకుని! ఆరు వారాలుగా ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నువ్వేమో గ్రైండరు, తాడు, కొండల మీద మంచు అని రాస్తున్నావు. చదివినప్పుడల్లా షెడ్డు వెనక్కి పోయి నిలబడ్డాను.

ఇంకోటి కూడా చెప్పాలి. డ్రైవరు పడకకు కిటికీ తీసేశాను. నీకని దాచిన అద్దం ఆ పొట్టోడికి పెట్టడానికి నా చెయ్యి రాలేదు. అల్యూమినియం రేకు వేసి నలభై రివెట్లు కొట్టాను. లోపలివైపు పనిముట్ల పెట్టె బిగించాను. దారంతా ముందరి అద్దంలోంచి చూస్తాడు కదా, పడుకునేటప్పుడు కూడా ఎందుకు వాడికి? ముస్తాక్ "ఎవరి మీద కోపం ఎవరి మీద చూపిస్తున్నావు భాయ్" అన్నాడు. అంటే అన్నాడు.

నీ చేత్తో కుట్టిన పరుపు వాడికి పంపొద్దు. మూడు వరసల కుట్టు వేశావట, వాడెవడని? ఆ పరుపు తీసుకుని యాన్బు రా. ముస్తాక్ భార్య రేష్మా పిల్లల బడిలో వంట చేస్తుంది, అక్కడ మనిషి కావాలట. నేను నాకు వీసా ఇచ్చిన కఫీలుతో మాట్లాడతాను. కిటికీ ఉన్న గది వెతుకుతాను, ఇది మాట.

ఇస్సాక్


దమ్మామ్
జనవరి 24, శుక్రవారం

ఒరేయ్ పిచ్చి ఇస్సాకూ! ఒరేయ్ నా బంగారు గాడిదా!

ఆ పొట్టోడు నేనేరా!

నవ్వి నవ్వి మేడం గదిలోకి పోయి నీ ఉత్తరం అరబ్బీలో చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. రివెట్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం మంచం మీద పడిపోయాం.

విను. బండి తీద్దామని మేడం అన్నరోజే "నువ్వు కూడా నాతోనే" అంది కదా, ఆ వెంటనే "నాకు కుడికన్ను ఆనదు, డాక్టరు స్టీరింగు పట్టుకోవద్దన్నాడు. పరాయి మగవాడితో నేను తిరగను. నువ్వు నేర్చుకో" అంది. నాకు నలభై ఆరేళ్లు! అయినా చేరాను. ఆదివారం, మంగళవారం ఆడవాళ్ల డ్రైవింగు స్కూలు. కొడుకు మాత్రం ఒప్పుకోలేదు, జనవరిలోపల లైసెన్సు రాకపోతే బండి అమ్మేస్తానన్నాడు. నీకెందుకు చెప్పలేదంటావా? లూనా గురించి నువ్వు ఎన్నేళ్లుగా నవ్వుతున్నావో లెక్క ఉందా? ఫెయిలయితే చచ్చేదాకా నవ్వేవాడివి.

ఫెయిలయ్యాను కూడా, రెండుసార్లు. మొదటిసారి వెనక్కి పెట్టేటప్పుడు కోన్లు మూడు పడగొట్టాను. రెండోసారి భయపడి బండి అసలు కదల్చలేదు, పరీక్ష పెట్టే ఆమె దిగి వెళ్లిపోయింది. ఆ రోజు దిగుతూ తూలి పడితే మోకాలు పగిలింది. ఇంటికొచ్చి బియ్యం బస్తాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. మేడం తలుపు కొట్టి, "నా క్లాసులో మూడోసారికి పాసైన పిల్లే ఎప్పటికీ మరిచిపోదు, లే" అంది. గిన్నెల అరలకు చెప్పిన అడ్డకడ్డీలు గుర్తున్నాయా, అవన్నీ డ్రైవింగు స్కూల్లో మలుపులు తిరిగాక తెలిసిన తెలివే.

మొన్న మంగళవారం మూడోసారి. కోన్లను నాయన దుకాణం గుమ్మం అనుకున్నాను, పక్కన దూదిగుట్ట ఉందనుకున్నాను. తగలకుండా వెనక్కి పెట్టాను. పాస్! కార్డు మీద నా ఫోటో ఉంది ఇస్సాకూ, నా పేరు ఉంది. మేడం ఇఖామాలో నా పని కూడా మార్పిస్తోంది, ఇంటిపని తీసి డ్రైవరు అని రాయిస్తుందట. ఐదడుగుల నాలుగంగుళాలు ఎవరి కొలతనుకున్నావు? మేడమే టేపు పట్టి నన్ను గోడకు నిలబెట్టి కొలిచి కొడుక్కి పంపింది. తల దగ్గర, కాళ్ల దగ్గర నాలుగేసి అంగుళాలు కలిపితేనే అంత వచ్చింది.

కానీ ఒక మాట. ఆరు వారాలు నువ్వు దాచింది ఇంకోసారి చదివితే నవ్వు ఆగిపోయింది. నాకోసం ఎవరూ అంత కోపం తెచ్చుకోలేదురా.

ఇక లే. ఆ రివెట్లు ఊడగొట్టు! ఫిబ్రవరి పదహారున మేము బస్సులో వస్తున్నాం. రంజాను లోపల బయల్దేరాల.

డ్రైవరు మదార్బీ


యాన్బు
ఫిబ్రవరి 7

డ్రైవరమ్మకు ఇస్సాకు సలాములు.

ఉత్తరం చదవగానే డ్రిల్లు తీసుకుని నేరుగా బండి దగ్గరికి పోయాను. ముస్తాక్ "ఏమైంది భాయ్" అని వెనకాలే వచ్చాడు. చదివి వినిపించాను. వాడు షెడ్డంతా తిరిగి చెప్పాడు. ఇప్పుడు అందరూ నన్ను "పొట్టోడి తమ్ముడు" అంటున్నారు.

నలభై రివెట్లు కొట్టడానికి ఒక పూట పట్టింది, ఊడగొట్టడానికి రెండు రోజులు. అంత గట్టిగా కొట్టాను మరి. కిటికీ వచ్చింది అక్కా, పాత చట్రంకంటే అరమూర పెద్దది. పనిముట్ల పెట్టె నేల కిందికి మార్చాను. బండి నిన్న ఫాహస్‌కు తీసుకెళ్లాం. తనిఖీ చేసే ఆయన బ్రేకులు, లైట్లు, గ్యాసు గొట్టం అన్నీ చూసి ముద్ర వేశాడు. దిగేటప్పుడు లోపలికి తొంగి చూసి, "ఇది ఎవరి ఇల్లు" అని అడిగాడు. "మా అక్కది" అనేశాను. తరవాత గుర్తొచ్చి "మేడంది కూడా" అన్నాను.

జాగ్రత్తలు రాస్తున్నా, నవ్వొద్దు. గాలి ఎక్కువుంటే ఎనభై దాటకు, బండి ఎత్తు కాబట్టి తోస్తుంది. కదిలేముందు గ్యాసు కట్టు. వెనక్కి పెట్టేటప్పుడు మేడాన్ని కిందికి దించి చూడమను, ఎడమకన్ను ఆనుతుంది కదా.

లూనా సంగతి ఇంకెప్పుడూ ఎత్తను. బ్రేకు ఎక్కడుందో నీకు చెప్పనిది నేనే. అప్పుడు నేను పక్కనే ఉన్నాను, నువ్వు పడితే చూడాలనిపించింది. పదేళ్లవాణ్ణి. ఇన్నేళ్లు దాచాను.

ఇస్సాక్


ఉమ్‌లజ్ దాటాక, సముద్రం పక్కన
ఫిబ్రవరి 19, పొద్దున ఏడున్నర

ఒరేయ్ దొంగా,

లూనా లెక్క తరవాత తేలుస్తాను. నిన్న నువ్వు షెడ్డు గేటు దగ్గర చెయ్యి ఊపుతుంటే నేను చూడలేదనుకోకు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచాలి కాబట్టి ఊపలేదు. అద్దంలో నువ్వు చిన్నగా అయ్యేదాకా చూశాను.

నూట యాభై కిలోమీటర్లు నడిపాను! గాలికి బండి రెండుసార్లు పక్కకు జరిగింది, నేను సరిచేశాను. ఒంటెలు అడ్డం వస్తే ఆపాను. బ్రేకు ఎక్కడుందో నాకు తెలుసు ఇప్పుడు. మేడం పక్కన మ్యాపు పెట్టుకుని ఊరు వచ్చినప్పుడల్లా పేరు గట్టిగా చదివింది, క్లాసులో హాజరు పిలిచినట్టు. బండి ఆపాక నేను పొయ్యి దగ్గరికి పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేసింది. "డ్రైవరు కూర్చోవాలి" అని తనే టీ పెట్టింది. చక్కెర ఎక్కువైంది. చివరి చుక్కదాకా తాగాను.

పరుపు బాగా కుదిరింది. కిటికీ రాత్రి తెరవలేదు, చలి. పొద్దున అలారం పెట్టుకోలేదు. మొహం మీద వెలుతురు పడి లేచాను. లేచి చూస్తే ఎదురుగా సముద్రం, అంతా! గబగబా కిటికీ పైకి ఎత్తాను. పడిపోకుండా నిలబెట్టడానికి ఏదో ఉండాలి కదా అని పక్కకు తడిమితే, చట్రానికి రెండు కొక్కేలు, వాటి మీద నాయన కొలకర్ర.

మాట కూడా చెప్పకుండా పెట్టేశావు. అన్నీ దాచడమే నీకు.

కర్రను అద్దం కింద నిలబెట్టాను. సరిగ్గా సరిపోయింది, ఒక్క గీత కూడా ఎక్కువ లేదు. అంటే కర్రను కొలిచి ఈ కిటికీ కోశావన్నమాట.

హబీబ్ ఇవాళ తబూక్ నుంచి యాన్బు వెళ్తూ ఇటే వస్తాడట, ఈ ఉత్తరం అతనికిస్తాను. మేడం అప్పుడే లేచి "యల్లా, యల్లా" అని తొందర పెడుతోంది. నేను ఇంకొంచెంసేపు పడుకునే చూస్తాను, తరవాతే బండి తీస్తాను. కోపం పోయిందిరా ఇస్సాకూ.

మీ అక్క
మదార్బీ